బురుజు సాలెపురుగుకు పేరిడిన మేరీ ట్రీట్

సాలెపురుగులన్నియు వల పన్నవు. తోడేలు సాలెపురుగు అనునది పరుగెత్తి ఎరను పట్టును. ఆ వర్గమున కొన్ని నేలలో నిలువుగా బొరియ త్రవ్వుకొని, గోడలకు పట్టుదారము అల్లుకొని కాపురముండును. అట్టి జాతి నొకదానిని లోకమునకు తెలిపిన విదుషి మేరీ ట్రీట్.

ఆమె 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున జన్మించెను. 1868లో భర్తతో న్యూజెర్సీలోని వైన్‌లాండ్ చేరెను. పిమ్మట భర్త ఎడబాయగా పత్రికలకు వ్యాసములు వ్రాసి, ఆ రాబడితో బ్రతికెను. ప్రయోగశాల లేదు, ఆచార్య పదవి లేదు. ఇంటి తోటయే ఆమె పరిశోధనాలయము. కీటకములను భక్షించు మొక్కలపై ఆమె చేసిన పరిశీలనలను డార్విన్ 1875 నాటి తన గ్రంథమున పేర్కొనెను.

వైన్‌లాండ్ పరిసరములలో కొన్ని బొరియల నోటివద్ద పుల్లలు, నాచు పేర్చి దారముతో బిగించిన చిట్టి బురుజులు ఆమె కంటబడెను. ఆ సాలెపురుగులను మట్టి నింపిన గాజుజాడీలలో పెంచి, పుల్లపై పుల్ల అవి అమర్చు తీరును ఓపికతో కనిపెట్టెను. చచ్చిన పురుగును కొలిచి పేరు పెట్టుట పండితులకు పరిపాటి. ఈమె మాత్రము బ్రతికియున్నదాని ఇల్లు చూచి పేరు పెట్టెను. 1880లో ఆమె ఇడిన 'టర్రికోలా' అను లాటిన్ నామమునకు బురుజువాసి అని అర్థము.

1923లో ఆమె కన్నుమూసెను. ఆ సాలెపురుగు ప్రజాతి పేరు తరువాత జియోలైకోసాగా మారినది; టర్రికోలా మారలేదు. దాని ప్రక్కన ట్రీట్, 1880 అని శాస్త్రజ్ఞులు నేటికిని వ్రాయుచున్నారు.