లాడర్ బ్రంటన్: గుండెనొప్పికి ఉపశమనం కనుగొన్న వైద్యుడు

గుండెనొప్పితో తల్లడిల్లే రోగికి సత్వరమైన ఉపశమనం చూపిన తొలి వైద్యులలో సర్ థామస్ లాడర్ బ్రంటన్ అగ్రగణ్యుడు. ఆయన జీవితంలో ఒక ముఖ్యఘట్టం మన హైదరాబాదులో జరిగింది.

బ్రంటన్ 1844లో స్కాట్లండులో జన్మించి, ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించాడు. నాడీస్పందనను కాగితంపై గీసే యంత్రంతో రోగులను పరీక్షించి, నొప్పి వచ్చినప్పుడు రక్తపుటొత్తిడి హెచ్చుతున్నదని గ్రహించాడు. అమైల్ నైట్రైట్ ఆవిరి ఆ ఒత్తిడిని తగ్గిస్తుందని అప్పటికే ప్రయోగాలు తెలిపాయి. 1867లో దానిని రోగిచేత పీల్పించగా, ముఖం ఎర్రబారి, నిమిషంలోపల నొప్పి శమించింది. నేడు నాలుక క్రింద ఉంచుకొనే నైట్రోగ్లిసరిన్ మాత్ర ఆ కోవకు చెందినదే.

ఆ కాలంలో శస్త్రచికిత్సకు క్లోరోఫారం ఇస్తుండగా కొందరు హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది గుండెయా, శ్వాసయా అన్నది వివాదం. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో పనిచేసిన ఎడ్వర్డ్ లారీ, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని వాదించాడు. 1888లో ఆయన జరిపించిన పరిశోధనను లండను వైద్యపత్రిక లాన్సెట్ శంకించింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌనులు ఇవ్వగా, ఆ పత్రిక ప్రతినిధిగా 1889లో బ్రంటన్ ఇక్కడికి వచ్చాడు. గుండెకే అపాయమని తలచి వచ్చినవాడు, నాలుగువందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగిన పిమ్మట లారీ పక్షమే వహించాడు.

ఆ నిర్ణయం నిలువలేదు. తేలికపాటి మత్తులో సైతం క్లోరోఫారం గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలదని 1911లో లెవీ పిల్లులపై నిరూపించాడు. హైదరాబాదు ప్రయోగాలలో మత్తు గాఢంగా ఉండడంచేత ఈ అపాయం బయటపడలేదు.

బ్రంటన్ 1916లో కన్నుమూశాడు. ఆయన ఔషధం నొప్పిని మాన్పింది గాని, దానికి మూలమైన ధమనీవ్యాధిని కాదు. ఆ వ్యాధి పుట్టుక ఇరవయ్యవ శతాబ్ది చివరిభాగంలో తేటపడింది. ధమని గోడ లోపలి పొరలో ప్రోటియోగ్లైకాన్లు అనే పదార్థాలున్నాయి. అవి ప్రోటీనుకు చక్కెర గొలుసులు అమరినవి. ఋణవిద్యుత్తు గల ఆ గొలుసులు, రక్తంలో కొలెస్టరాలును మోసే రేణువులను పట్టి నిలుపుతాయి. చిక్కుబడిన కొవ్వు వాపు కలిగించి, ఏండ్ల తరబడి పేరుకొని, నాళాన్ని ఇరుకు చేస్తుంది.

ఒక ప్రయోగం తాను అడిగిన ప్రశ్నకే బదులిస్తుంది. అడుగని ప్రశ్న తరువాతి తరానికి మిగిలిపోతుంది. బ్రంటన్ జీవితం విద్యార్థులకు నేర్పే పాఠమిదే.