చేతికి తగ్గ తుపాకీ

పులిని కొట్టాలంటే పెద్ద తుపాకీ ఉండాలి. ఎవర్ని అడిగినా ఇదే మాట చెబుతారు. కానీ నరమాంసం మరిగిన పులుల్ని, చిరుతల్ని వెంటాడి దేశమంతా పేరు తెచ్చుకున్న జిమ్ కార్బెట్ కుమావూ కొండల్లో మోసుకు తిరిగింది ఓ తేలికపాటి రైఫిల్. దాని గొట్టం లోపలి వెడల్పు 7 మిల్లీమీటర్లే. బరువు నాలుగు కిలోల లోపే. అంత చిన్న తుపాకీని ఆయన అంతగా ఎందుకు నమ్మాడు? అది తెలియాలంటే చిన్నప్పటి నుంచి ఆయన చేతుల్లోకి వచ్చిన తుపాకుల సంగతి తెలుసుకోవాలి.

పగిలిన గొట్టంతో మొదలు

కార్బెట్ 1875 జులై 25న నైనిటాల్‌లో పుట్టాడు. తండ్రి ఆ ఊళ్లో పోస్ట్‌మాస్టర్. ఇంటినిండా పిల్లలు. జిమ్‌కు ఆరేళ్లు నిండకముందే తండ్రి చనిపోయాడు. వేసవిలో కొండ మీద నైనిటాల్, చలికాలంలో కింద అడవి పక్కన కాలాధుంగి... ఇలా రెండు ఇళ్ల మధ్య పెరిగాడు. పిట్టల కూతలు, అడుగుజాడలు, కోతుల హెచ్చరికలు అన్నీ అక్కడే నేర్చుకున్నాడు.

ఎనిమిదేళ్ల వయసులో చుట్టాలబ్బాయి ఒకడు అతనికి పాత నాటు తుపాకీ ఇచ్చాడు. రెండు గొట్టాలు ఉండేవి కానీ కుడివైపుది ఎప్పుడో పగిలిపోయింది. చెక్క విడిపోకుండా ఇత్తడి తీగ చుట్టి ఉంది. పనిచేసేది ఎడమ గొట్టం ఒక్కటే. ఒకసారి పేలిస్తే మళ్లీ మందు కూరి, గుండు దట్టించేదాకా ఆగాల్సిందే. కాబట్టి పేల్చేది ఒక్కసారే అయినా గురి తప్పకూడదు. కుర్రాడికి తుపాకీ నేర్పిన మొదటి పాఠం అదే.

తర్వాత నైనిటాల్ వాలంటీర్ దళంలో చేరి, అక్కడి నుంచి .450 మార్టినీ రైఫిల్ అరువు తెచ్చుకున్నాడు. ఒక్కో తూటా పెట్టుకుని కాల్చాల్సిన బరువైన తుపాకీ. పేలిందంటే పిల్లవాడి భుజాన్ని గట్టిగానే తన్నేది. పదేళ్ల ప్రాయంలో మొదటి చిరుతను దాంతోనే కొట్టాడు.

చదువయ్యాక బెంగాల్ అండ్ నార్త్ వెస్ట్రన్ రైల్వేలో ఉద్యోగానికి కుదిరాడు. బీహార్‌లోని మొకామా ఘాట్ దగ్గర గంగ ఒడ్డున సరుకు ఎత్తించి దింపించే కాంట్రాక్టు చూసుకుంటూ ఇరవై ఏళ్లకు పైగా గడిపాడు. వేట ఆయనకు బతుకుతెరువు కాదు. నరభక్షకుల్ని చంపినందుకు బహుమతి సొమ్ము పుచ్చుకోనని ముందే షరతు పెట్టేవాడు.

చంపావత్‌లో ఖాళీ అయిన తుపాకీ

1907లో ఆయనకు చంపావత్ నుంచి కబురొచ్చింది. అక్కడ ఓ ఆడపులి మనుషుల్ని వరసపెట్టి ఎత్తుకుపోతోంది. నేపాల్‌లో 200 మంది, అక్కడి నుంచి తరిమేశాక కుమావూలో 236 మంది... మొత్తం 436 మంది దాని నోట పడ్డారు. గడ్డికీ కట్టెలకూ వెళ్లే ఆడవాళ్లే ఎక్కువ. పగటిపూట కూడా తలుపులు తీయడానికి జనం వణికిపోయేవారు.

కార్బెట్ వెళ్లేసరికి అది మరో ఆడపిల్లను పొట్టన పెట్టుకుంది. మర్నాడు తహసీల్దారు సుమారు మూడు వందల మంది ఊరివాళ్లను పోగు చేశాడు. డప్పులు కొట్టి, కేకలు వేసి పులిని లోయలోకి తోలారు. కార్బెట్ చేతిలో అప్పుడున్నది అర అంగుళం గొట్టం ఉన్న .500 రైఫిల్. తెచ్చుకున్నది మూడే తూటాలు. రెండుసార్లకు మించి కాల్చే వీలు దొరకదు, మూడోది అవసరానికి ఉంటుంది అని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. ఒకటి గురి తప్పింది, రెండు తగిలాయి. పులి మాత్రం పడలేదు. గాయాలతో ఎదురుగా నిలబడి ఉంది. తుపాకీ ఖాళీ.

కార్బెట్ పరుగున వెళ్లి తహసీల్దారు చేతిలోని తుపాకీ లాక్కుని వచ్చాడు. గురిపెట్టబోతే అప్పుడు కనిపించింది, దాని గొట్టానికీ తూటా మూసే దిమ్మెకూ మధ్య దాదాపు సెంటీమీటరు సందు. పేలిస్తే నిప్పు, పొగ వెనక్కి ఎగిసి కళ్లు పోయే ప్రమాదం. అయినా పేల్చాడు. పులి పడిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే ఆ చివరి గుండు తగిలింది కాలి పంజాకు! మొదట తగిలిన గాయాలతోనే అది ప్రాణం విడిచింది.

ఆ తర్వాత పులి నోరు తెరిచి చూశారు. కుడివైపు కోరపళ్లు విరిగి ఉన్నాయి. పైది సగం, కిందిది ఎముక దాకా పోయింది. ఎప్పుడో ఎవరో వేటగాడు సరిగా గురి చూడకుండా కాల్చిన దెబ్బ అది. జింకను పట్టి చంపే శక్తి పోయాకే ఆ పులి మనుషుల మీద పడింది. అంటే ఎవరో ఒకరు గురి తప్పడానికి మూల్యం చెల్లించింది 436 మంది. కార్బెట్ మనసులో ఇది బలంగా నాటుకుపోయింది. తర్వాత కూడా నరభక్షకిని చంపిన ప్రతిసారీ దాని దేహాన్ని పరీక్షించి కారణం వెతికేవాడు. పాత గాయాలు, విరిగిన పళ్లు, ముళ్లపంది ముళ్లు దిగి చీము పట్టిన కాళ్లు... ఏదో ఒకటి బయటపడుతూనే ఉండేది.

బహుమతిగా వచ్చిన రైఫిల్

చంపావత్ పులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు ఓ రైఫిల్ బహూకరించాడు. ఆ సంగతి చెక్కిన చిన్న వెండి రేకు దానికి బిగించి ఉంటుంది. నైనిటాల్ దర్బారులో చంపావత్ తహసీల్దారుకు కూడా కొత్త తుపాకీ దక్కింది. ఆ పాత తుపాకీ సంగతి తెలిసినవాళ్లకు ఇది సబబైన బహుమానమే అనిపిస్తుంది.

కార్బెట్‌కు వచ్చింది లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ తయారీ. జర్మనీకి చెందిన మౌజర్ యంత్రాంగం మీద కట్టిన .275 బోల్ట్ యాక్షన్ రైఫిల్. బోల్ట్ అంటే గొట్టం వెనక ఉండే గడియ లాంటిది. పిడి ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయట పడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కింది అరలోంచి కొత్త తూటా ఎక్కి, గడియ గట్టిగా బిగుసుకుంటుంది. సందు అనేది ఉండదు. రెండు గొట్టాల తుపాకీలో రెండూ ఒకేచోట తగిలేలా కూర్చడం పెద్ద పని. ఇందులో గొట్టం ఒకటే కాబట్టి ఆ తంటా లేదు. రెండు కాల్చాక చేతులు ఖాళీ అయ్యే భయమూ తక్కువే.

తూటా చిన్నది, సుమారు 9 గ్రాములు. కానీ సెకనుకు 800 మీటర్లకు పైగా వేగంతో దాదాపు తిన్నగా పోతుంది. భుజాన్ని పెద్దగా తన్నదు. తన్నుకు భయపడి చేయి వణికితే ఎంత పెద్ద తూటా అయినా దండగే కదా. పైగా కుమావూలో నడక అంటే రోజుకు పది, ఇరవై మైళ్లు కొండ ఎక్కడం, దిగడం. సాయంత్రానికి చేతులు బరువెక్కిపోతే గురి ఎక్కడ నిలుస్తుంది?

అలాగని కార్బెట్ పెద్ద తుపాకీ ముట్టుకోలేదని కాదు. .450/400 రెండు గొట్టాల రైఫిల్ కూడా ఆయన దగ్గర ఉండేది. గాయపడి పొదలో నక్కిన పులి మీదికి వెళ్లాలంటే బరువైన తూటా ఇచ్చే ధైర్యమే వేరు. ఏ పనికి ఏది అన్న ఎంపిక ఆయనకు తెలుసు.

మన వైపు డెంకణికోట, చిత్తూరు అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ ఎంపిక ఇంకోటి. సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో పుట్టి బెంగళూరులో స్థిరపడిన ఆయన .405 వించెస్టర్‌ను నమ్ముకున్నాడు. అది బోల్ట్ కాదు, కింద మీట లాగి తూటా ఎక్కించే రకం. తుపాకులు వేరైనా ఇద్దరిదీ ఒకటే అలవాటు. తన తుపాకీ ఏమిటో పూర్తిగా తెలుసుకుని దాంతోనే చేయి తిప్పుకున్నారు.

ఎడమ చేతిలో గుడ్లు

ఆ తేలిక రైఫిల్ విలువ తేలింది 1930 ఏప్రిల్ 11న. చౌగఢ్ ప్రాంతంలో 64 మందిని చంపిన ఆడపులి కోసం కార్బెట్ అప్పటికి ఏడాదిగా తిరుగుతున్నాడు. అంతకుముందు తల్లి అనుకుని ఎదిగిన పిల్లను కాల్చేశాడు. తల్లి తప్పించుకుంది. ఆ పొరపాటు ఆయన్ని వెంటాడుతూనే ఉంది.

ఆ రోజు దారిలో ఓ పిట్ట గుడ్లు రెండు కనిపించాయి. గుడ్లు సేకరించే అలవాటు ఉండడంతో ఎడమ చేతిలో పెట్టుకున్నాడు. వాగు వెంట దిగి పెద్ద బండ పక్కనుంచి మలుపు తిరిగి వెనక్కి చూశాడు. ఎనిమిదడుగుల దూరంలో పులి, దూకడానికి సిద్ధంగా కూర్చుని ఉంది! ఎడమ చేయి ఖాళీ లేదు. కుడి చేత్తోనే రైఫిల్‌ను మెల్లగా, పులి కంటికి కదలిక ఆనకుండా దాదాపు వెనక్కి తిప్పాడు. తిప్పి, ఒంటి చేత్తోనే కాల్చాడు. తూటా గుండెలోకి దిగింది. బరువైన తుపాకీని అలా ఒంటిచేత్తో అంత నిదానంగా తిప్పడం ఎవరి వల్లా కాదు. ఆ పులికీ గోళ్లు, కోరపన్ను విరిగి ఉన్నాయి. గుడ్లు మాత్రం పగల్లేదు. కార్బెట్ తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టి వచ్చాడు.

దీనికి నాలుగేళ్ల ముందు, 1926 మే మొదట్లో రుద్రప్రయాగ్ చిరుతను కొట్టిందీ ఈ రైఫిల్‌తోనే. కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్లే యాత్రికుల్ని ఎనిమిదేళ్లు వణికించి 125 మందిని చంపిన చిరుత అది. మామిడి చెట్టు మీద మంచె కట్టుకుని, కింద మేకను కట్టి రాత్రుళ్లు కాపలా కాశాడు. ఓ రాత్రి మేక మెడలో గంట మోగింది. రైఫిల్‌కు బిగించిన టార్చి నొక్కితే ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఆ క్షణంలోనే తూటా వెళ్లిపోయింది. తెల్లారేదాకా చీకట్లో కూర్చుని, దిగి చూస్తే చిరుత చచ్చిపడి ఉంది.

చివరికి కెమెరా

వయసు పెరిగేకొద్దీ కార్బెట్ చేతిలో తుపాకీ తగ్గి కెమెరా వచ్చింది. వినోదం కోసం పులిని చంపడం మీద మనసు విరిగింది. పులుల్ని సినిమా కెమెరాతో చిత్రీకరించాడు. 1936లో హేలీ పేరుతో దేశంలోనే మొదటి జాతీయ పార్కు ఏర్పడడానికి సాయపడ్డాడు. 1944లో వచ్చిన 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూ' పుస్తకం ఆయన పేరును ప్రపంచమంతా చాటింది. 1947 చివర్లో అక్క మ్యాగీతో కలిసి కెన్యాలోని న్యేరికి వెళ్లిపోయి, 1955 ఏప్రిల్ 19న అక్కడే కన్నుమూశాడు. ఆ తర్వాత హేలీ పార్కుకు ఆయన పేరు పెట్టారు. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ అక్కడి నుంచే మొదలైంది.

ఆయన రైఫిల్ మొదట పుస్తకాలు అచ్చేసిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌కు, చివరికి తయారుచేసిన రిగ్బీ కంపెనీకే చేరింది. 2016లో ఓసారి దాన్ని కుమావూకు తీసుకొచ్చి ఊరివాళ్లకు చూపించారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట నేరం. అయినా మనిషికీ పులికీ పేచీ తీరలేదు. చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఉండే తెలుగువాళ్లకు ఆ భయం ఇప్పటికీ తెలుసు. మత్తు సూది తుపాకీ పట్టుకునే అటవీ సిబ్బందికైనా కార్బెట్ జీవితం చెప్పేది ఒకటే. పెద్ద తుపాకీ ఉందని ధైర్యం పనికిరాదు. చేతికి తగ్గది, చెప్పినచోట తగిలేది ఉండాలి. గురి కుదరనప్పుడు వేలు బిగించకుండా ఆగడమూ రావాలి. చంపావత్ పులి పళ్లు విరగ్గొట్టిన ఆ పేరు తెలియని వేటగాడు ఆ రోజు ఆగి ఉంటే, బహుశా అన్ని ఇళ్లు చీకటయ్యేవి కావు.