మూసీ నుంచి కావేరి దాకా... నీటినీ వెలుగునూ పంచిన మోక్షగుండం

(సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు పాతనగర ముఖద్వారమైన నయాపూల్ మీద నిలబడితే దక్షిణపు ఒడ్డున హైకోర్టు భవనం, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తాయి. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో సుమారు 150 మంది ప్రాణాలను కాపాడినదని నగరవాసులు నేటికీ చెప్పుకుంటారు. చెట్టు ఆసరా దొరకనివారు వేలల్లో ఉన్నారు. ఆ ప్రళయంలో దాదాపు 15,000 మంది అసువులు బాసినట్లు అంచనా. నగర పునర్నిర్మాణానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆహ్వానించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం గ్రామం. మైసూరు సంస్థానానికి తరలిపోయిన ఆ తెలుగు కుటుంబంలో, చిక్కబళ్ళాపురం సమీపాన గల ముద్దెనహళ్ళిలో ఆయన జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదువు సాగించారు. 1881లో బి.ఏ. పట్టా పొంది, పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

ఆ ఉద్యోగ కాలంలో ఆయన రూపొందించిన వాటిలో ఖడక్‌వాస్లా జలాశయపు స్వయంచాలిత తలుపులకే ఎక్కువ ప్రచారం లభించినది. అయితే దక్కను కాలువల కింద ఆయన 1899 ప్రాంతంలో ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి పాలనాపరంగా అంతకంటె విలువైనది. కాలువ మొదట్లోని రైతు కావలసినంత తోడుకొనగా చివరి రైతుకు తడి అందని పరిస్థితి ఆనాడూ ఉన్నది. నీటిని ఒకే చోట గుప్పించక, ఎక్కువ గ్రామాలకు పంచి, ప్రతి గ్రామంలోనూ పరిమిత విస్తీర్ణం గల బ్లాకులను ఎంపిక చేసి, పంటల మార్పిడితో వంతులవారీగా ఇవ్వడం ఈ పద్ధతి. వ్యవసాయ ఫీడర్లను గ్రూపులుగా విభజించి వంతులవారీగా విద్యుత్తు సరఫరా చేసిన మన అధికారులకు ఇందులోని సాధకబాధకాలు వేరుగా వివరించనక్కరలేదు.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య నది ఒడ్డుకే పరిమితం కాక, ఎగువ పరీవాహక ప్రాంతమంతటినీ పరిశీలింపజేశారు. అక్కడ 788 చెరువులున్నట్లు, వాటిలో 221 తెగిపోయినట్లు తేలినది. ఒక చెరువు తెగి తరువాతి చెరువుపై పడి, వరుసగా వచ్చిన నీరే నగరాన్ని ముంచెత్తినది. మూసీపైన, దాని ఉపనది ఈసీపైన వరదను నిలువరించే రెండు జలాశయాలు నిర్మించాలని ఆయన సిఫారసు చేశారు. వాటి ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి నదీతీరపు రూపురేఖలను మార్చివేసినది.

1909 నవంబరులో ఆయన మైసూరు సంస్థాన చీఫ్ ఇంజనీరు పదవి చేపట్టారు. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో ప్రారంభమైన శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902 నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు విద్యుత్తు పంపుతుండేది. 1905లో బెంగుళూరు వీధులు వెలిగాయి. గనుల గిరాకీ ఏటేటా పెరుగుతుండగా, కావేరి ప్రవాహం మాత్రం వేసవిలో సన్నగిల్లేది. నది తగ్గితే టర్బైన్లు మందగించేవి.

ఎగువన కన్నంబాడి వద్ద భారీ జలాశయం నిర్మించి, నిలవ నీటిని ఏడాది పొడవునా క్రమబద్ధంగా విడిచిపెట్టాలన్నది విశ్వేశ్వరయ్య ప్రతిపాదన. దిగువకు వదిలిన నీరు శివసముద్రం వద్ద విద్యుత్తును ఇవ్వగా, జలాశయపు కాలువ మండ్య ప్రాంతపు పొలాలను తడుపుతుంది. అంచనా వ్యయం రూ. 2 కోట్ల 53 లక్షలు. ఇంత సొమ్ము ఎక్కడిదని, అంత విద్యుత్తు ఎవరు కొంటారని ఆర్థిక శాఖ అధికారులు అభ్యంతరం తెలిపారు. సంస్థానపు ఖజానాకు బాధ్యులైన వారు ఆ ప్రశ్న వేయడంలో తప్పులేదు. కోలారు గనుల కంపెనీలతో అదనపు విద్యుత్తుకై ఒప్పందం కుదుర్చుకొనడమే విశ్వేశ్వరయ్య ఇచ్చిన సమాధానం. గిరాకీ లెక్క తేలిన తరువాతనే ఖర్చు లెక్కకు బలం చేకూరినది. మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడయరు 1911లో అనుమతి మంజూరు చేశారు.

దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అంత తేలికగా అంగీకరించలేదు. తంజావూరు ఆయకట్టు దెబ్బతింటుందన్నది దాని వాదన. మైసూరు 41.5 టి.ఎం.సి.ల నిలవ కోరగా, తొలుత 11 టి.ఎం.సి.లకే సమ్మతి లభించినది. అయినను పునాదిని పూర్తి ఎత్తుకు సరిపడే వెడల్పుతోనే వేయించారు. దీనిని ముందుచూపన్నవారున్నారు, మొండితనమన్నవారూ ఉన్నారు. మధ్యవర్తిత్వం, తీర్పు, అప్పీలు గడచి 1924లో గానీ రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదరలేదు. ఆ కావేరి వివాదపు ఛాయలు శతాబ్దం తరువాత కూడా తొలగిపోలేదు. సిమెంటుకు బదులు సుర్కీతో, సుమారు పదివేల మంది కార్మికుల శ్రమతో సాగిన కృష్ణరాజసాగర్ నిర్మాణం 1930 దశకం ఆరంభంలో ముగిసినది. పాత కన్నంబాడి గ్రామం ఆ నీటిలో మునిగిపోయినది.

ఆయన చొరవతోనే 1911లో మైసూరు ఆర్థిక సమావేశం ఏర్పాటైనది. అధికారులతోపాటు రైతులు, వర్తకులు, విద్యావంతులు ఒకే వేదికపై కూర్చుని వ్యవసాయం, విద్య, పరిశ్రమల అవసరాలను చర్చించే ఈ సంస్థ ఆనాటి సంస్థానాలలో అరుదు. 1912లో దివాన్ పదవి స్వీకరించిన ఆయన హయాంలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం వెలశాయి. అందరినీ ఒక వేదికపైకి తెచ్చిన ఆయనే, వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రాతినిధ్యం కల్పించే విషయంలో మహారాజాతో ఏకీభవించక 1918లో పదవి విడిచారు. ఆయన జీవితాన్ని రాసేవారు ఈ అంశాన్ని దాటవేయడం సమంజసం కాదు.

పదవి వీడిన తరువాత కూడా హైదరాబాదు మురుగునీటి పారుదల పథకానికి ఆయన సలహాలందించారు. 1955లో భారతరత్న పురస్కారం లభించినది. నూరేళ్ళు నిండిన జీవితం గడిపి, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. 2020 అక్టోబరులో కుండపోత వర్షాలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ తీరవాసులను అప్రమత్తం చేయవలసి వచ్చినది.