కీర్తి కోరని శాస్త్రవేత్త

ఒక సత్యమును ఇద్దరు కనుగొనినప్పుడు, తొలి గౌరవము ఎవరికి చెందవలెనను వివాదము శాస్త్రచరిత్రకు క్రొత్త కాదు. ఒకే ప్రయోగశాలలో ఇద్దరు పాటుపడినప్పుడు ఈ చిక్కు మరింత పెరుగును. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు జీవితమున ఈ రెండును కలవు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడగు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. 1922లో అమెరికాకేగి హార్వర్డులో చేరెను.

అచట సైరస్ ఫిస్కేతో కలసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. అది వారిద్దరి పేర్లతోనే ప్రసిద్ధికెక్కెను. 1927లో వారు కండరములందు ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించిరి. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు అదే పదార్థమును కనుగొని ఫాస్ఫాజెన్ అని పేరిడిరి. దానిలో క్రియాటిన్ కలదని తేల్చినది హార్వర్డు జంటయే. 1929లో కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని గూర్చి జర్మనీయుడగు కార్ల్ లోమన్ ఆగస్టులోను, ఫిస్కే, సుబ్బారావులు అక్టోబరులోను వ్యాసములు వెలువరించిరి. అచ్చులో లోమన్ ముందు. అయినను శాస్త్రలోకము ఇరుపక్షములకును గౌరవమిచ్చినది.

పరాయి దేశమువారితో తేలిన లెక్క స్వంత ప్రయోగశాలలో తేలలేదు. ఫిస్కేకు పదోన్నతి కలుగవలెనని సుబ్బారావు తన పాలును తానే తగ్గించి చెప్పుకొనెను. ఆ త్యాగము పిమ్మట ఆయనకే అడ్డువచ్చెను; హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్కే వలన వెలుగుచూడక, ఏండ్ల తరువాత ఇతరులచే మరల కనుగొనబడవలసి వచ్చెనని, 1988లో నోబెల్ బహుమానమందిన జార్జి హిచ్చింగ్స్ సాక్ష్యమిచ్చెను.

సుబ్బారావు వగచుచు కూర్చుండలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి పరిశోధనలకు నాయకత్వము వహించెను. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. గోదావరి మండలమునకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి మందు హెట్రజాన్ 1947లో వచ్చెను. 1948లో ఆరియోమైసిన్ వెలువడినప్పుడు, దానిని కనుగొన్న ఘనత సహచరుడగు డగ్గర్‌కు దక్కెను. సుబ్బారావు వెనుకనే నిలిచెను.

1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన న్యూయార్కు రాష్ట్రమున కన్నుమూసెను. 1995లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా బిళ్ళను వెలువరించెను. త్యాగము గొప్పదే. కాని ఒకరి శ్రమను మరుగుపరచినచో నష్టపోవునది ఆ ఒక్కడే కాదు; ఆ జ్ఞానమునకై వేచియుండవలసిన రోగియు నష్టపోవును.