మొస్యే రేమండు

వస్తువును కొనునపుడు వెలను చూడవలెనా, పనితనమును చూడవలెనా యను ప్రశ్న గృహస్థునకును, రైతునకును, రాజునకును సమానమే. కొడవలి కొనుటలో రైతు పొరబడినచో ఒక పంటకు నష్టము. ఆయుధములు సేకరించుటలో రాజు పొరబడినచో వేలకొలది మనుష్యుల ప్రాణములకే ముప్పు. ఈ ప్రశ్నను నిత్యము ఎదుర్కొనవలసి వచ్చిన పరదేశీయుడొకడు పూర్వము హైదరాబాదున నుండెను. ఆతని చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుప నుద్దేశించితిమి.

మిషెల్ జోకిం మరీ రేమండు 1755వ సంవత్సరమున ఫ్రాన్సుదేశములోని గాస్కొనీ సీమయందు సెరిన్యాక్ గ్రామమున జన్మించెను. తండ్రి వర్తకుడు. రేమండును 1775లో వర్తకము కొరకే పుదుచ్చేరికి వచ్చెను. కాని త్రాసు పట్టుటకంటె కత్తి పట్టుటయే యాతనికి రుచించెను. కొంతకాలము మైసూరున హైదరాలీ పక్షమున పోరాడిన ఫ్రెంచి దళమున పనిచేసి, 1783లో బుస్సీ సేనాని మరల హిందూదేశమునకు రాగా ఆతని యొద్ద సహాయాధికారిగా నుండెను. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించెను. మరుసటి సంవత్సరము రేమండు హైదరాబాదు చేరి, రెండవ అసఫ్ జా యగు నిజామలీఖాను కొలువున ప్రవేశించెను.

అప్పుడాతని క్రింద నున్నవారు 300 మంది సిపాయిలు మాత్రమే. వారికి తుపాకులు కొనుటకు ధనము లేదు. అందుచే స్వదేశీయుడగు ఒక వర్తకుని యొద్ద, తుపాకి ఒక్కింటికి నెలకు 8 అణాల చొప్పున అద్దెకు తీసికొనెను. విద్యార్థులు ఈ లెక్కను తామే కట్టి చూతురుగాక. 300 తుపాకులకు నెలకు 150 రూపాయలు, సంవత్సరమునకు 1,800 రూపాయలు అగును. చేతిలో ధనము లేనివానికి ఇది సులభమైన మార్గమే. అయితే తరువాతి కాలమున ఆతని సేన సుమారు 14,000 మందికి పెరిగెను. అంతమందికి అద్దె చెల్లింపవలసి వచ్చినచో సంవత్సరమునకు 84,000 రూపాయలు కావలెను. ఎన్నియేండ్లు చెల్లించినను ఒక్క తుపాకియు తనది కానేరదు. చిన్న పనికి చౌకయైనది పెద్ద పనికి దుబారా యగుట ఇట్లే.

వెల యొక్కటియే కాదు, కొలతయు ముఖ్యమే. ఆ కాలపు ఫ్రెంచి సైనికుల తుపాకి గొట్టము లోపలి వెడల్పు సుమారు 17.5 మిల్లీమీటరులు. ఆంగ్లేయుల తుపాకికి సుమారు 19 మిల్లీమీటరులు. ఆంగ్లేయుల గుండు ఫ్రెంచి తుపాకిలో పట్టదు. ఫ్రెంచి గుండు ఆంగ్లేయుల తుపాకిలో వదులుగా నుండుటచే, మందు కాలిన వేడి ఆవిరి దాని ప్రక్కలనుండి తప్పించుకొని పోయి, దెబ్బ బలహీనమగును, గురియు తప్పును. పెద్దగుండు దెబ్బకు బరువెక్కువ; చిన్నగుండు అంతే సీసముతో ఎక్కువ సంఖ్యలో పోతపోయబడును, సిపాయికి మోతబరువును తగ్గును. రెంటియందును గుణములు కలవు. కాని ఒకే దళమున రెండు కొలతల తుపాకులు కలిసిన యెడల యుద్ధసమయమున గుండ్ల సంచి యుండియు లేనట్లే. కాబట్టి ఏ కొలతయైనను మంచిదే కాని, ఒకే కొలత యుండుట అంతకంటె మంచిది. ఫ్రాన్సుదేశమున 1765 మొదలుకొని గ్రిబోవాల్ అను సేనాని ఫిరంగులకు ఈ నియమమునే ఏర్పరచి, వాని కొలతలను కొద్దిపాటికి తగ్గించి, చక్రములు మొదలగు భాగములు ఒకదానివి మరియొకదానికి పనికివచ్చునట్లు చేయించెను.

రేమండు హైదరాబాదున ఫిరంగుల కర్మశాలను నెలకొల్పెను. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. తోపులను పోతపోయు మూస యని దాని యర్థము. నేటి గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దీనివలననే వచ్చినది. ఫిరంగిని ఇనుముతో చేయవచ్చును, కంచుతోను చేయవచ్చును. ఇనుము చౌక, కాని బరువెక్కువ, లోపమున్న యెడల ముందుగా తెలియనీయక పగిలి, కాల్చువారినే చంపును. పదింట తొమ్మిదిపాళ్లు రాగియు, ఒకపాలు తగరమును కలిపిన కంచు మిక్కిలి ఖరీదైనది; కాని తేలికగా పగులదు, పాడగుటకు ముందు ఉబ్బి హెచ్చరించును, పాతబడినపుడు కరగించి మరల పోయవచ్చును. వెలలో కనబడని లాభము ఇట్టిది. రేమండు కర్మశాలలలో పోసిన ఫిరంగులు శ్రేష్ఠములనియు, తుపాకులు పనికి వచ్చునవనియు ఆతని ప్రత్యర్థులగు ఆంగ్లేయాధికారులే యంగీకరించిరి.

1795 మార్చి నెలలో ఖర్దాయొద్ద మహారాష్ట్రులతో జరిగిన యుద్ధమున నిజాము ఓడిపోయెను. అయినను ఆనాడు రేమండు పటాలములు ధైర్యముతో నిలిచి పోరాడెను. ఆ సంవత్సరమే నిజాము కుమారుడగు అలీజా తండ్రిపై తిరుగబడగా రేమండు ఆతనిని పట్టుకొనెను. దానితో దర్బారులో ఆతని పలుకుబడి ఇనుమడించెను. సిపాయిల జీతముల కొరకు నిజాము జాగీరు నొసగెను. హిందువులు రేమండును మూసారాం అనియు, ముసల్మానులు మూసా రహీం అనియు ప్రేమతో పిలిచిరి. మూసారాంబాగు అను పేరు నేటికిని నిలిచియున్నది.

1798 మార్చి 25వ తేదీన, 42 ఏండ్ల వయస్సున, రేమండు మరణించెను. ఆతని స్థానమున పీరోను అనువాడు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొని, ఫ్రెంచి దళమును రద్దుచేయుట కంగీకరించెను. అక్టోబరు నెలలో జీతముల బకాయి కొరకు సిపాయిలు తమ యధికారులనే నిర్బంధించిరి. 22వ తేదీన ఆంగ్లసేన చుట్టుముట్టగా, వేలకొలది సిపాయిలు ఒక్క గుండైనను కాల్చక ఆయుధములను క్రింద పెట్టిరి. పండ్రెండేండ్ల శ్రమ ఒక్కదినమున ముగిసెను.

ఇందలి నీతిని మేము విద్యార్థుల ముందుంచుచున్నాము. ఫిరంగులు మేలైనవే, మందుగుండుసామానును కొరవడలేదు. కొరవడినది, వానిని పట్టు చేతులకు చెల్లవలసిన కూలి. పనిముట్టు నాణ్యమునకై వ్యయము చేసి, పనివాని న్యాయమైన జీతమును నిలిపివేయుట మితవ్యయము కాదు. ఇది సేనకే కాదు, పొలమునకును, మగ్గమునకును, పాఠశాలకును వర్తించును. ఆయుధములు దించినందున ఆనాడు అనేక తల్లుల బిడ్డలు బ్రతికి యిండ్లు చేరిరనుట మరువరాదు. శాంతిని ప్రేమించువారికి ఆ దినము ఓటమిగా తోచదు.

సరూర్‌నగరు సమీపమున అస్మాన్‌గఢ్ గుట్టపై రేమండు సమాధియు, నల్లరాతి స్తంభమును కలవు. ప్రక్కనున్న మంటపము 2001లో వానలకు కూలిపోగా తరువాత మరల నిర్మించిరి. కాశిబుగ్గనుండి హైదరాబాదు పోవు మన బాలబాలికలు వీలైనపుడు గన్‌ఫౌండ్రీలో మిగిలిన ఇటుక గోడలను, ఆ గుట్టను చూచి, పనితనమును వెలను తూచుటలో మనుష్యుని విలువను మరువరాదని గ్రహింతురుగాక.