జాన్ స్టూవర్ట్ బెల్

బెల్ అనగానే మన విద్యార్థులకు మొదట జ్ఞప్తికి వచ్చేది టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్. మేము చెప్పబూనినది ఆయనను గురించి కాదు. క్వాంటమ్ కంప్యూటర్లనీ, క్వాంటమ్ రహస్యలిపి అనీ పత్రికలలో తరచుగా చదువుతున్నాము. వీటికి ఆధారమైన ఒక విచిత్ర సత్యాన్ని తాత్త్విక చర్చల నుండి తప్పించి, ప్రయోగశాల బల్ల మీద కొలవదగిన ప్రశ్నగా మార్చినవాడు జాన్ స్టూవర్ట్ బెల్. ఆ పనికి ఆయన జీతం తీసుకోలేదు. తీరిక వేళల్లో చేశాడు.

బెల్ 1928 జులై 28న ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో సామాన్య కుటుంబంలో జన్మించాడు. నలుగురు సంతానంలో రెండవవాడు. పదునాలుగేళ్లు రాగానే బడి మాని పనిలో చేరడం అటువంటి ఇళ్లలో ఆనవాయితీ. ఈ బాలుడు మాత్రం పుస్తకాలను విడిచేవాడు కాదు. ఇంటివారు ముద్దుగా ప్రొఫెసరని పిలుచుకునేవారు. పదకొండేళ్ల ప్రాయంలో ప్రవేశ పరీక్షలలో నెగ్గినా, పేరున్న పాఠశాలల రుసుము చెల్లించే స్తోమత లేక, ఎలాగో డబ్బు సమకూర్చి టెక్నికల్ హైస్కూలులో చేర్చారు.

పదహారేళ్లకు ఆ చదువు ముగిసింది. విశ్వవిద్యాలయంలో చేరడానికి వయస్సు చాలలేదు, చేతిలో డబ్బూ లేదు. 1944లో క్వీన్స్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ప్రయోగశాల సహాయకుని ఉద్యోగం దొరికింది. ఇతరుల ప్రయోగాలకు పరికరాలు సిద్ధం చేసే చిన్న కొలువు అది. అక్కడి ఆచార్యులు ఎమిలియస్, స్లోన్ ఆ కుర్రవానిలోని ఆసక్తిని గమనించి పుస్తకాలిచ్చారు; మొదటి సంవత్సరపు తరగతులలో కూర్చోనిచ్చారు. మరుసటి ఏడు అదే విభాగంలో విద్యార్థిగా చేరి, 1948లో ప్రయోగ భౌతికశాస్త్రంలోను, 1949లో గణిత భౌతికశాస్త్రంలోను పట్టాలు పొందాడు. ఆ ఇద్దరు ఉపాధ్యాయులు ఆ ఒక్క ఏడు ముఖం తిప్పుకొని ఉంటే మేమీ వ్యాసం వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదేమో.

విద్యార్థి దశలోనే ఆయనకు క్వాంటమ్ సిద్ధాంతంపై అసంతృప్తి కలిగింది. స్లోన్‌తో తీవ్రంగా వాదించేవాడు. ఆ అసంతృప్తి ఏమిటో కొంత వివరించాలి. క్వాంటమ్ స్థితి అనేది కణానికి ఫలానా గుణం ఉన్నదని చెప్పదు; కొలిస్తే ఏ ఫలితం ఎంత మేరకు రావచ్చునో చెబుతుంది. రెండు కణాలు ఒకచోట పుట్టి ఎంత దూరం విడిపోయినా, రెండింటికీ కలిపి ఒకే స్థితి ఉండవచ్చును. దీనికి 1935లో ష్రోడింగర్ ఎంటాంగిల్‌మెంట్ అని పేరు పెట్టాడు. మనం పెనవేత అనుకుందాము. అదే సంవత్సరం ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ ఈ కారణంగానే సిద్ధాంతం అసంపూర్ణమని వాదించారు.

ఒక జత చెప్పులను విడదీసి, ఒకటి గుంటూరుకు, ఇంకొకటి కర్నూలుకు పంపామనుకోండి. గుంటూరులో మూట విప్పి ఎడమకాలి చెప్పును చూసినవారికి కర్నూలుకు చేరినది కుడికాలిదని తక్షణమే తెలుస్తుంది. ఇందులో వింత లేదు. అంతా బయలుదేరినప్పుడే నిర్ణయమైపోయింది. కణాల విషయమూ ఇంతేనని స్థూలంగా ఐన్‌స్టీన్ పక్షం. కాదని బోర్ పక్షం. ఇది తేలే వ్యవహారం కాదని తక్కినవారు తమ లెక్కలలో తాము మునిగిపోయారు. పైగా గణిత దిగ్గజమైన ఫాన్ నాయ్‌మన్ 1932లోనే అటువంటి గుప్త నిర్ణయాలకు తావు లేదని నిరూపించాడని అందరూ నమ్మారు. ఆ నిరూపణలో లోపమున్నదని జర్మనీలో గ్రేటే హెర్మన్ అనే విదుషి 1935లోనే చూపినా వినిపించుకున్నవారు లేరు.

బెల్ చదువు ముగించి 1949లో ఇంగ్లండులోని హార్వెల్ అణుశక్తి పరిశోధన సంస్థలో చేరాడు. కణాలను వేగవంతం చేసే యంత్రాల రూపకల్పన ఆయన పని. అక్కడే సహోద్యోగిని మేరీ రాస్‌తో పరిచయమై, 1954లో వారి వివాహం జరిగింది. 1960లో దంపతులిరువురూ జెనీవాలోని సెర్న్ సంస్థకు తరలిపోయారు. అక్కడ ఆయన ఉద్యోగధర్మం కణ భౌతికశాస్త్రం, యంత్రాలు. 1952లో డేవిడ్ బోమ్ వ్రాసిన వ్యాసాలు అసాధ్యమన్నదానిని చేసి చూపగా, ఆ పాత సందేహం ఆయన మనస్సులో మరింత నాటుకున్నది.

1963-64లో సెలవుపై అమెరికా వెళ్లినపుడు తీరిక దొరికింది. మొదట ఫాన్ నాయ్‌మన్ నిరూపణలోని లోపాన్ని ఎత్తిచూపుతూ ఒక వ్యాసం వ్రాశాడు; పత్రిక కార్యాలయంలో జరిగిన పొరపాటువల్ల అది 1966 వరకు వెలుగు చూడలేదు. తరువాత వ్రాసిన రెండవ వ్యాసమే 1964లో ముందు అచ్చయింది. అతిథిగా ఉన్న చోట ప్రచురణ ఖర్చు అడగడానికి మొగమాటపడి, రుసుము అడగని ఫిజిక్స్ అనే కొత్త పత్రికకు పంపాడు. ఆ పత్రిక కొద్ది సంవత్సరాలకే మూతపడింది.

అందులోని సారాన్ని, తరువాతివారు మలచిన ఒక ఆట రూపంలో చెబుతాము. ఇద్దరు విద్యార్థులను దూరపు గదులలో కూర్చుండబెట్టి, చీటీ వేసి ఒక్కొక్కరిని మొదటి ప్రశ్నో రెండవ ప్రశ్నో అడుగుతారు. జవాబు అవును, కాదు అని మాత్రమే. ఇద్దరికీ రెండవ ప్రశ్నే వచ్చినపుడు జవాబులు వేరుగా ఉండాలి. మిగిలిన మూడు సందర్భాలలోను ఒకటే కావాలి. ముందుగా ఎంత పథకం వేసుకున్నా నూటికి 75 కంటె ఎక్కువ గెలుపు అసాధ్యం. కావలసినవారు కాగితం మీద పరీక్షించుకోవచ్చు. వారి చేతిలో పెనవేసుకున్న కణాల జత ఉంటే, గెలుపు నూటికి సుమారు 85 వరకు పోతుందని క్వాంటమ్ సిద్ధాంతం చెబుతుంది. చెప్పుల జత ఎన్నటికీ దాటలేని హద్దు ఒకటున్నదని, ప్రకృతి దానిని దాటుతుందో లేదో కొలిచి చూడవచ్చునని తేల్చడమే బెల్ చేసిన పని. అయితే ఈ పెనవేతతో వెలుగుకంటె వేగంగా వార్తలు పంపవచ్చునని కొందరు వ్రాస్తుంటారు. అది పొరపాటు.

ఆ వ్యాసాన్ని ఐదేళ్ల దాకా పట్టించుకున్నవారు అరుదు. 1972లో కాలిఫోర్నియాలో క్లౌజర్, ఫ్రీడ్‌మన్ మొదటి ప్రయోగం చేయగా హద్దు దాటినట్లు తేలింది. 1975లో అలన్ ఆస్పే అనే ఫ్రెంచి యువకుడు మరింత పకడ్బందీ ప్రయోగం తలపెట్టి జెనీవాకు వచ్చి బెల్‌ను కలిశాడు. సర్వమూ విన్న బెల్ మొదట వాకబు చేసినది ఆ యువకునికి స్థిరమైన ఉద్యోగమున్నదా అని. ఆ రోజులలో ఈ ప్రశ్నలకు చేయి పెట్టినవారి భవిష్యత్తు ఏమయ్యేదో ఆయనకు బాగా తెలుసు. ఉద్యోగమున్నదని తెలిసిన తరువాతనే ప్రోత్సహించాడు. 1982 నాటికి ఆస్పే ఫలితాలు వచ్చాయి. హద్దు మళ్లీ దాటింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. బెల్ అభిమానం ఐన్‌స్టీన్ పక్షానే. ఆయన పన్నిన పరీక్షలో ఓడినది ఆయనకు నచ్చిన పక్షమే. ఆ ఫలితాన్ని దాచలేదు, వంకలు పెట్టలేదు; అర్థం కానిది అర్థం కాలేదనే చివరిదాకా చెబుతూ వచ్చాడు.

1990 అక్టోబరు 1న మెదడులో రక్తస్రావంతో జెనీవాలో హఠాత్తుగా మరణించాడు. మరుసటి సంవత్సరమే ఆర్టర్ ఎకర్ట్ అనే పరిశోధకుడు, మధ్యలో ఎవరైనా రహస్యంగా వింటే కణాల పొందిక తగ్గుతుందనీ, కనుక బెల్ హద్దును పరీక్షించి సందేశ రహస్యాన్ని కాపాడవచ్చుననీ చూపాడు. 2015లో హాలండులోని డెల్ఫ్ట్ నగరంలో 1.3 కిలోమీటర్ల దూరాన జరిగిన ప్రయోగం పాత ఆక్షేపణలను దాదాపుగా తుడిచివేసింది. 2017లో చైనా ఉపగ్రహం 1200 కిలోమీటర్ల ఎడంలోని రెండు కేంద్రాలకు పెనవేసుకున్న కాంతి కణాలను అందించింది. 2022లో ఆస్పే, క్లౌజర్, సైలింగర్‌లకు నోబెల్ బహుమతి లభించింది. మరణించినవారికి ఆ బహుమతి ఇవ్వరు. 2023లో మన ప్రభుత్వం 6003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది.

బెల్‌ఫాస్ట్ పురపాలక సంఘం వీధులకు వ్యక్తుల పేర్లు పెట్టదు. అందుచేత 2015లో, టైటానిక్ నౌకను నిర్మించిన రేవు ప్రాంతంలోని ఒక వీధికి ఆయన పేరు కాక, ఆయన సిద్ధాంతం పేరు పెట్టారు. బెల్స్ థియరమ్ క్రెసెంట్ అన్నది ఆ వీధి పేరు.