మహామాత్య వస్తుపాలుడు

అబూ కొండమీద దిల్వాడా దేవాలయములను దర్శించి వచ్చిన కుటుంబములలో వస్తుపాల తేజపాల సోదరుల పేరు ఎరుగని వారుండరు. పాలరాతిని వెన్నవలె మలిపించిన దాతలుగా వారిని అందరును తలచుదురు. అయితే వస్తుపాలుని జీవితమున ఆలయ నిర్మాణమంత ఘనమైన కార్యము మరియొకటి కలదు. అన్యమతమునకు చెందిన స్త్రీ యొకతె తన తీర్థయాత్రకు బయలుదేరి ఆయన రేవునకు వచ్చినపుడు ఆయన ప్రవర్తించిన తీరు అది.

వస్తుపాలుడు ప్రాగ్వాట వంశీయుడు. పోర్వాడ్ అని నేడు పిలువబడు వంశము ఇదియే. తండ్రి అశ్వరాజు, తల్లి కుమారదేవి. లూణిగుడు, మల్లదేవుడు అన్నలు, తేజపాలుడు తమ్ముడు. పెద్దవాడగు లూణిగుడు చిన్న వయసుననే గతించెను. ఈ కుటుంబమువారు తాతల నాటినుండి పాటణమునందలి సోలంకి రాజుల కొలువున ఉన్నవారు. ఆనాడు సింహాసనమున ఉన్నది రెండవ భీమదేవుడైనను, రాజ్యమును కాపాడుచుండినవారు ధోల్కాలోని వాఘేలా వంశజులు లవణప్రసాదుడును, అతని కుమారుడు వీరధవళుడును. విక్రమ సంవత్ 1276లో, అనగా క్రీ.శ. 1220 ప్రాంతమున, సోదరులిద్దరును వారి మంత్రులైరి. వస్తుపాలునకు స్తంభతీర్థపు అధికారము లభించెను. నేటి ఖంభాతు పట్టణమే ఆ స్తంభతీర్థము.

ఖంభాతు ఆ కాలమున గొప్ప ఓడరేవు. అరబ్బు, పారశీక వర్తకులు అక్కడ ఇండ్లు కట్టుకొని, మసీదులు నిర్మించుకొని నివసించుచుండిరి. పూర్వము సిద్ధరాజ జయసింహుని పాలనలో అక్కడి మసీదును కొందరు తగులబెట్టగా, రాజు మారువేషమున స్వయముగా వచ్చి విచారించి, దోషులను శిక్షించి, మసీదును తిరిగి కట్టుకొనుటకు ధనమిచ్చెనని మహమ్మద్ ఔఫీ అను పారశీక గ్రంథకర్త వ్రాసియున్నాడు. ఇట్టి న్యాయమునకు పేరుపొందిన పట్టణమునకు వస్తుపాలుడు అధికారి అయ్యెను.

ఆయన మెత్తని మనిషి కాడు. ఆ రేవులో సయిదు అను మహమ్మదీయ ఓడవర్తకుడు అధికారులను లెక్కచేయక ప్రజలను పీడించుచుండెను. వస్తుపాలుడు అతనిపై చర్య తీసికొనగా, అతడు లాటదేశపు అధిపతి శంఖుని సాయము పిలిచెను. వస్తుపాలుడు కత్తిపట్టి శంఖుని ఓడించి, సయిదు ఆస్తిని స్వాధీనము చేసికొనెను. ఇట్లు మహమ్మదీయుడైన దుర్మార్గుని దండించిన చేతితోనే ఆయన మహమ్మదీయుల కొరకు మసీదులు కూడ కట్టించెనని ప్రబంధములు చెప్పుచున్నవి. శివాలయములను సైతము బాగుచేయించెను. ఆయన చరిత్రను కీర్తికౌముది అను కావ్యముగా వ్రాసిన సోమేశ్వరుడు రాజపురోహితుడైన బ్రాహ్మణుడు, ఆయనకు ప్రాణమిత్రుడు.

విక్రమ సంవత్ 1277లో వస్తుపాలుడు సంఘపతియై శత్రుంజయమునకును, గిరినారునకును మహాసంఘమును నడిపించెను. సంఘయాత్ర అనగా సంఘపతికి ఎంత భారమో వర్తక కుటుంబములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. సాధు సాధ్వులు, శ్రావక శ్రావికలు, బండ్లు, పశువులు, దారి పొడవున నీరు, అన్నము, మందులు, దొంగల బారినుండి కాపుదల, ఈ సమస్తమును సంఘపతి పద్దులోనివే. యాత్రికుడు ఇల్లు విడిచిన క్షణమునుండి ఎంత నిస్సహాయుడగునో వస్తుపాలుడు ఆ దారులయందే తెలిసికొనెను.

ఒక యాత్రలో సోదరులు తమ ధనములో కొంత భాగమును హడాలకమను గ్రామమువద్ద రాత్రివేళ పాతిపెట్టదలచి త్రవ్వగా, అక్కడ వేరొక నిక్షేపము బయటపడెనట. ఏమి చేయుటకును తోచక తేజపాలుని భార్య అనుపమాదేవిని అడిగిరి. ధనమును భూమిలో దాచుట కంటె కొండశిఖరములమీద అందరికిని కనపడునట్లు, ఎవరును దొంగిలింపలేనట్లు ఉంచుట మేలని ఆ ఇల్లాలు సలహా చెప్పెను. విక్రమ సంవత్ 1287లో, అనగా క్రీ.శ. 1230–31లో, అన్న లూణిగుని పేర అబూమీద వెలసిన నేమినాథుని ఆలయము, లూణవసహి, ఆ మాటకు తగిన ఉదాహరణము. ఆ ఆలయ ప్రశస్తిని రచించినవాడు సోమేశ్వరుడే.

శత్రుంజయమున ఆదినాథుని స్నాత్రోత్సవ సమయమున యాత్రికుల తొక్కిడి మిక్కిలిగా ఉండెను. కలశములు తగిలి మూర్తి నాసిక విరుగునేమోయని పూజారి పూలతో మూర్తిని కప్పివేసెను. అది చూచిన వస్తుపాలునకు దిగులు పుట్టెను. కలశము వలననో, శత్రువు వలననో ఈ మూర్తికి ఎన్నడైన హాని కలిగినచో, దీనికి బదులు మూర్తిని చేయుటకు ఇట్టి శిల ఎక్కడ దొరకును? శ్రేష్ఠమైన పాలరాయి మమ్మాణి గనిలో ఉన్నది. ఆ గని ఢిల్లీ సుల్తాను ఏలుబడిలో ఉన్నది. 1197లో కుతుబుద్దీను సేనలు పాటణమును దోచిన గాయము గుజరాతువారికి ఇంకను మానలేదు. అట్టి శత్రువును శిల అడుగుట ఎట్లు?

ఈ స్థితిలో సుల్తాను తల్లి హజ్ యాత్రకు బయలుదేరి, మక్కాకు ఓడ ఎక్కుటకై ఖంభాతు చేరెను. ప్రబంధములు ఆ సుల్తానును మోజదీను అని పేర్కొనుచున్నవి. ఆయన ఇల్తుత్మిష్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఆమె వెంట ధనము కలదు. చేతికి చిక్కినది శత్రువు తల్లి. పాటణపు పగ తీర్చుకొనుటకు ఇంతకంటె మంచి అదను ఎవరికి దొరకును?

తరువాతి కథను గ్రంథములు రెండు విధములుగా చెప్పుచున్నవి. 1305లో వ్రాసిన మేరుతుంగుని ప్రబంధచింతామణిలో యాత్రికుడు సుల్తాను తల్లి కాదు, గురువు. అతనిని పట్టుకొనవలెనని లవణప్రసాద వీరధవళులు తలపగా వస్తుపాలుడు అడ్డుపడెను. 1349లో వ్రాసిన రాజశేఖరుని ప్రబంధకోశములో యాత్రికురాలు తల్లి. వస్తుపాలుడే తన మనుషులచేత ఆమె సొమ్మును రహస్యముగ దోపించి, పిదప ఏమియు ఎరుగనట్లు వెదకించి, ఒక్క వస్తువు పోకుండ తిరిగి ఇప్పించి, ఆమె నమ్మకమును పొందెనట.

రెండవ కథ రాజనీతిని మెచ్చువారికి రుచించును గాని, అణువ్రతములు పాటించు శ్రావకునకు మింగుడు పడదు. తానే దోపించి తానే దాత యగుట దొంగలెక్క వ్రాయుట వంటిది. అయినను రెండు కథలును ఒక్కచోట కలియుచున్నవి: యాత్రికుని సొమ్ము యాత్రికునకే చేరెను, రేవులో పగ తీర్చుకొనబడలేదు.

వస్తుపాలుడు ఆమెను ఇంటి పెద్దవలె గౌరవించెను. మక్కాలో సమర్పించుటకై పాలరాతి తోరణమును చెక్కించి ఆమెకు అప్పగించెను. తిరిగివచ్చిన పిదప ఢిల్లీ వరకు తోడువెళ్ళెను. తల్లి చెప్పగా విని సుల్తాను ఆయనను ఆదరించి, గుజరాతుతో స్నేహమునకు మాట ఇచ్చెను. కోరిక ఏమని అడిగినపుడు వస్తుపాలుడు కోరినది మమ్మాణి పాలరాతి పలకలు. అవి శత్రుంజయము చేరి, అక్కడ భద్రపరుపబడెను.

వృద్ధాప్యమున జ్వరపీడితుడై, అంత్యకాలము సమీపించెనని గ్రహించి, వస్తుపాలుడు మరల శత్రుంజయమునకు ప్రయాణమయ్యెను. అది ఆయన పదుమూడవ యాత్ర యని చెప్పుదురు. విక్రమ సంవత్ 1296లో, కొండ చేరకమునుపే, అంకేవాలియా గ్రామమున దేహము చాలించెను.

ఆయన భయపడినదే జరిగెను. 1313లో అల్లాఉద్దీను ఖిల్జీ సేనలవలన శత్రుంజయ మూర్తి భగ్నమయ్యెను. 1315లో సమరాశాహ అను శ్రేష్ఠి, గుజరాతు పాలకుడగు అల్ప్‌ఖాను అనుమతితో, ఆరాసణపు శిలతో నూతన మూర్తిని ప్రతిష్ఠించెను. కాలక్రమమున అదియు చెడిపోయెను. అప్పుడు చిత్తోడు వర్తకుడు కర్మాశాహ ఉద్ధారమునకు పూనుకొనెను. గుజరాతు సుల్తాను బహదూరుషా రాజకుమారుడుగ కష్టములలో ఉన్ననాడు కర్మాశాహ ఆయనకు ధనసహాయము చేసియుండెనట. ఆ మేలు తలచి సుల్తాను ఉద్ధారమునకు ఫర్మానా ఇచ్చెను. కర్మాశాహ భూగృహమునుండి వస్తుపాలుడు దాచిన పాలరాతిని తీయించి 1531లో ఆదీశ్వరుని మూర్తిని ప్రతిష్ఠించెనని సంప్రదాయము. నేటికిని శత్రుంజయమున యాత్రికులు దర్శించునది ఆ మూర్తినే.

వస్తుపాలుడు ఆ మూర్తిని కన్నులార చూడలేదు. ఆయన ఉంచినది శిల మాత్రమే. ఆ శిల రేవులో ఒక హజ్ యాత్రికురాలికి జరిగిన మర్యాదకు బదులుగ వచ్చినది. తన కొండ ఎక్కువారి క్షేమమును కోరిన ఆ సంఘపతి, వేరొక తీర్థమునకు పోవువారి క్షేమమునకు కూడ పూచీపడెను. యాత్రికుడు ఏ మతమువాడైనను, వాకిట నిలిచినపుడు దారిచూపి, సొమ్ము కాపాడి సాగనంపుట వర్తకుని ధర్మమని ఆయన జీవితము తెలుపుచున్నది.